కప్పుకొనిన పాపము, కప్పబడిన పాపము: దావీదు ఒప్పుకోలుపై ఒక పరిశీలన

51వ కీర్తన ఎరుగని తెలుగు క్రైస్తవుడు అరుదు. శ్రమల కాలపు ఆరాధనలలోను, ప్రభువు బల్లకు సిద్ధపడు కూడికలలోను, మరణపడక చెంత చేయు ప్రార్థనలలోను ఈ కీర్తన చదువబడుచున్నది. సంఘ చరిత్రలో దీనికి ప్రత్యేకమైన స్థానమున్నది. 6, 32, 38, 51, 102, 130, 143 అను ఏడు కీర్తనలను ప్రాచీన కాలమునుండి పశ్చాత్తాప కీర్తనలని పిలుచుచు వచ్చిరి. క్రీ.శ. 430లో అగస్టీను మరణపడకపై ఉన్నప్పుడు పశ్చాత్తాపమునకు సంబంధించిన దావీదు కీర్తనలను వ్రాయించి, గోడకు పెట్టించి, కన్నీటితో చదువుకొనెనని ఆయన జీవితచరిత్ర వ్రాసిన పోసిడియసు తెలియజేసెను. 1517లో మార్టిన్ లూథరు స్వయముగా ప్రచురణకిచ్చిన మొదటి పుస్తకము ఈ ఏడు కీర్తనల వ్యాఖ్యానమే.

అయితే ఈ కీర్తన వెనుకనున్న కథను, అనగా సమూయేలు రెండవ గ్రంథము 11, 12 అధ్యాయములను, మన ప్రసంగ వేదికల మీద వివరించు తీరును పరీక్షించుకొనవలసియున్నది. మేము గమనించినంతలో మూడు అలవాట్లు కనబడుచున్నవి. మొదటిది, బత్షెబ స్నానమును పెద్దది చేసి రాజు పాపమునకు ఆమెను కారణముగా చూపించుట. రెండవది, దావీదు పాపము నుండి దావీదు క్షమాపణకు ఒక్క అడుగులో దాటిపోయి, మధ్యలో చంపబడిన ఊరియాను మరచిపోవుట. మూడవది, 51వ కీర్తన నాలుగవ వచనమును ఆధారము చేసికొని, పాపము దేవునికిని పాపికిని మధ్యనే తేలిపోవు విషయమని, మోకాళ్లూని ఒప్పుకొనిన తరువాత ఇక ఎవరికిని జవాబు చెప్పనక్కరలేదని బోధించుట.

ఈ మూడు అలవాట్లు కలిసినప్పుడు సంఘములో ఏమి జరుగునో కాపరులమైన మనకు తెలియును. కూలి చేసికొని బ్రదుకు విశ్వాసి తప్పు చేసి పట్టుబడినయెడల అతనిని ప్రభువు బల్లకు దూరముగా ఉంచుదురు. అతని పేరు నలుగురిలో చెప్పుదురు. పలుకుబడి గలవాడు అదే తప్పు చేసినయెడల, దేవుడే క్షమించిన తరువాత తీర్పు తీర్చుటకు మనమెవరమని అందురు. అతని వలన గాయపడిన మనిషికి, అనేక పర్యాయములు ఒక స్త్రీకి, ఓర్చుకొనుమని, సంఘము పరువు తీయవద్దని సలహా ఇత్తురు. అటువంటి మౌనమునకు 51వ కీర్తనను సాక్షిగా పిలుచుట న్యాయమా? ఈ వ్యాసములో మేము పరిశీలించు ప్రశ్న ఇదే.

కీర్తన శీర్షిక దావీదు నాటిదా, తరువాత చేర్చబడినదా అను విషయములో పండితులకు భేదాభిప్రాయములున్నవి. సీయోను ప్రాకారములను గూర్చిన చివరి రెండు వచనములు చెరకాలమునకు చెందినవని అనేకులు తలంచుచున్నారు. ఆ చర్చలోనికి మేము వెళ్లుట లేదు. శీర్షికను ఎవరు వ్రాసినను, ఈ కీర్తనను నాతాను కథతో కలిపి చదువుమని అది మనలను కోరుచున్నది. హెబ్రీ శీర్షికలో ఒకే క్రియ రెండుసార్లు వాడబడినది: నాతాను దావీదు నొద్దకు వచ్చుటకును, దావీదు బత్షెబ యొద్దకు పోవుటకును అదే మాట. రాజు వేసిన అడుగునకు ఎదురుగా ప్రవక్త అడుగు వచ్చినది. కాబట్టి మేమును కథను, కీర్తనను కలిపియే చదువుచున్నాము.

పంపించు రాజు

11వ అధ్యాయము యుద్ధకాలముతో ఆరంభమగుచున్నది. దావీదు యోవాబును, సైన్యమును అమ్మోనీయుల మీదికి పంపి తాను యెరూషలేములో నిలిచిపోయెను. ఇక్కడ 'పంపుట' అను క్రియ (హెబ్రీలో షాలఖ్) అధ్యాయమంతట పదికి పైగా సార్లు వచ్చుచున్నది. రాజు పంపి ఆమె ఎవరో విచారించెను. మనుష్యులను పంపి ఆమెను రప్పించెను. ఊరియాను పంపుమని యోవాబునకు కబురు పంపెను. ఊరియా చావును కోరు ఉత్తరమును ఊరియా చేతనే పంపెను. అంగలార్పు దినములు గడచిన వెంటనే మరల పంపి ఆమెను తన యింటికి తెప్పించుకొనెను. పంపుట అధికారము గలవాని పని. కాబట్టి దీనిని ఒక బలహీన క్షణములో జారిన మనుష్యుని కథగా మాత్రమే చదువుట చాలదు. అడిగినదెల్ల తెచ్చిపెట్టు సేవకులు, ఎదురు చెప్పని సేనాధిపతి గల రాజు పాపమిది.

బత్షెబ విషయములో వాక్యము చెప్పినదానిని, చెప్పనిదానిని వేరు చేయవలెను. మిద్దె మీద నడచినవాడు దావీదు. ఆమె మిద్దె మీద స్నానము చేసెనని వాక్యము చెప్పలేదు. రాజును ఆకర్షింపగోరెనని అంతకన్న చెప్పలేదు. ఆమె ఏలీయాము కుమార్తె అనియు, హిత్తీయుడైన ఊరియా భార్య అనియు రాజునకు ముందుగానే తెలియజేసిరి (11:3). తెలిసియే ఆయన మనుష్యులను పంపెను. అటుతరువాత 12:24 వరకు ఆమె పేరు మరల రాదు. రాజు ఆమెను పెండ్లి చేసికొనిన తరువాత కూడ, ఊరియా సమాధియైన తరువాత కూడ, గ్రంథకర్త ఆమెను ఊరియా భార్య అనియే పిలుచుచున్నాడు (12:15). పెండ్లితో పాపము కప్పబడెనని రాజు అనుకొనియుండవచ్చును. కథ చెప్పువాడు ఒప్పుకొనలేదు.

కప్పుటకు చేసిన ప్రతి ప్రయత్నము మరియొక పాపమైనది. మొదట ఊరియాను ఇంటికి పంపజూచెను. అది సాగక అతనికి త్రాగించెను. అదియు సాగక ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరము వలన ఊరియాతో కూడ మరికొందరు సైనికులు చనిపోయిరి (11:17). వారి పేర్లు కూడ మనకు తెలియవు. వార్త తెచ్చిన దూత ద్వారా దావీదు యోవాబునకు ఓదార్పు మాటలు చెప్పి పంపెను. హెబ్రీలో ఆ మాటల భావమేమనగా, ఈ సంగతి నీ కన్నులకు చెడ్డదిగా కనబడకుండునుగాక అని (11:25). రెండే వచనముల తరువాత, అవే పదములతో, దావీదు చేసినది యెహోవా కన్నులకు చెడ్డదిగా ఉండెనని అధ్యాయము ముగియుచున్నది (11:27). అనువాదములలో ఈ పోలిక మరుగుపడుట సహజము. కాని ముందు చెప్పబోవుదానికి ఇది తాళపుచెవి వంటిది గనుక చదువరులు దీనిని మనస్సులో ఉంచుకొనవలెను.

నాతాను చెప్పిన కథ

12వ అధ్యాయపు మొదటి వాక్యములో మరల 'పంపుట' అను క్రియయే వచ్చుచున్నది. ఈసారి పంపినవాడు యెహోవా. అందరిని పంపుచు వచ్చిన రాజు నొద్దకు ఇప్పుడొకడు పంపబడెను. బిడ్డ పుట్టిన తరువాత నాతాను వచ్చినట్లు కథనక్రమము చూపుచున్నది. అనగా ఇంచుమించు తొమ్మిది నెలలో, అంతకంటె ఎక్కువో, దావీదు మౌనముగా గడిపెను. ఆ నెలలలో ఆయన తీర్పులు తీర్చియుండును, ఆరాధనలోను నిలిచియుండును.

నాతాను చెప్పిన ధనవంతుని, దరిద్రుని కథ మనకు సుపరిచితము. అందులో ఒక సంగతి సాధారణముగా గుర్తింపబడదు. దరిద్రుని గొఱ్ఱెపిల్ల అతనితో కూడ తినుచు, త్రాగుచు, అతని కౌగిట పండుకొనుచు ఉండెనని నాతాను చెప్పెను (12:3). తినుట, త్రాగుట, పండుకొనుట అను ఈ మూడు క్రియలను ఇదే వరుసలో అంతకుముందు పలికినవాడు ఊరియా. తోటి సైనికులు బయట దిగియుండగా తాను ఇంటికి పోయి తిని, త్రాగి, భార్యతో పండుకొనుట తగదని అతడు రాజు ముఖము మీదనే చెప్పెను (11:11). చంపబడిన మనుష్యుని మాటలనే నాతాను గొఱ్ఱెపిల్ల కథలో పెట్టి రాజు చెవిని వేసెను. గొఱ్ఱెపిల్ల ఆ దరిద్రునికి కుమార్తె వంటిదని చెప్పిన చోట వాడబడిన 'బత్' అను పదము బత్షెబ పేరులోని మొదటి భాగమే. దరిద్రుని సొత్తునకు కలిగిన నష్టమును, దాని వెనుకనున్న ప్రేమను నాతాను రాజునకు కనబరచెను.

దావీదునకు కోపము రగిలెను. నిర్గమకాండము 22:1 ప్రకారము ఒక గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలు ఇయ్యవలెనని, అటువంటివాడు మరణపాత్రుడని తీర్పు తీర్చెను. ఆయనలో న్యాయబుద్ధి చావలేదు. అది తనవైపు తప్ప అన్ని వైపులకు చూచుచుండెను. దాచిన పాపము మనస్సాక్షిని ఒక్కసారిగా చంపదు. ఇతరుల తప్పుల విషయములో దానిని మరింత పదును చేయును. వేదిక మీద మన కఠినమైన మాటలన్నియు పరిశుద్ధాత్మ ప్రేరణయే అనుకొనుటకు ముందు ఈ వచనమును మనము జ్ఞాపకము చేసికొనుట మంచిది.

మన సంఘములలో వాడుకలోనున్న మరియొక మాటను ఇక్కడ పరిశీలింపవలెను. అభిషేకము పొందినవారిని ముట్టకూడదని చెప్పి సేవకులను ప్రశ్నించువారి నోరు మూయించుట జరుగుచున్నది. దానికి ఆధారముగా చూపు 105వ కీర్తన 15వ వచనము, కొద్దిమందిగా దేశము నుండి దేశమునకు తిరుగుచుండిన పితరులను గూర్చినది. వారి నిమిత్తము దేవుడు రాజులను గద్దించెనని అంతకుముందు వచనమే చెప్పుచున్నది. బలహీనులను బలవంతుల నుండి కాపాడుటకు పలికిన మాటను బలవంతులకు డాలుగా చేయుట వాక్యమును తలక్రిందులు చేయుటయే. నాతాను చేసినదేమి? దేవుడు దావీదును రాజుగా అభిషేకించిన సంగతితోనే ఆయన తన నేరారోపణను మొదలుపెట్టెను (12:7). అభిషేకము ఆయన బాధ్యతను పెంచినదే గాని, ఆయనను ప్రశ్నకు అందకుండ చేయలేదు.

రెండు పదముల ఒప్పుకోలు

దావీదు జవాబు హెబ్రీలో రెండే పదములు: పాపము చేసినట్లు చెప్పు క్రియ ఒకటి, ఎవరికి విరోధముగానో తెలుపు పదము మరొకటి (12:13). దీనిని సౌలు ఒప్పుకోలుతో పోల్చవలెను. సౌలు కూడ సమూయేలు ఎదుట అదే క్రియను పలికెను. కాని దానికి ప్రజలకు భయపడితినను సాకు చేర్చెను, మరల పలికినప్పుడు పెద్దల యెదుట తనను గౌరవింపుమని బ్రతిమాలెను (1 సమూ. 15:24, 30). మాట ఒక్కటే. సౌలు దానితో తన పరువును కొనజూచెను. దావీదు దానికి ఏమియు చేర్చలేదు. స్త్రీని నిందింపలేదు, యోవాబును నిందింపలేదు, యుద్ధములో ఎవరైనను చావవచ్చునను మునుపటి మాటను మరల ఎత్తలేదు. మసోరా పాఠములో ఈ వచనము మధ్యనే, ఒప్పుకోలుకు తరువాత, ఒక ఖాళీ విడువబడియున్నది. ప్రతులు వ్రాసినవారు అక్కడ చదువరిని కొంచెము ఆగుమనిరి. మేమైతే ఆ ఖాళీలో 51వ కీర్తనను చదువుదుము.

క్షమాపణ వెంటనే వచ్చినది. దావీదు తన్ను తాను బాగుచేసికొని చూపువరకు దేవుడు వేచియుండలేదు. పాపభారముతో నలిగియున్న విశ్వాసికి దీనిని మనము సంకోచము లేకుండ ప్రకటింపవలెను. అయినను క్షమాపణతో పాటు పర్యవసానములును చెప్పబడినవి. రహస్యముగా చేసినది బహిరంగమగును. ఖడ్గము ఆ యింటిని విడువదు. బిడ్డ మరణము ఈ భాగములో మిక్కిలి కష్టమైన సంగతి. దానికి సులువైన వివరణ మాయొద్ద లేదు. అయితే ఒకటి చెప్పగలము: బిడ్డను పోగొట్టుకొనిన తలిదండ్రులకు ఈ వచనమును చూపి వారి పాపమే కారణమని చెప్పు అధికారము ఎవరికిని లేదు. పుట్టుగ్రుడ్డివాని విషయములో అటువంటి లెక్కను ప్రభువే త్రోసివేసెను (యోహాను 9:3).

తరువాతి అధ్యాయములో అమ్నోను తామారును చెరిపెను. ఆమె అన్నయైన అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను (13:20). తండ్రియైన దావీదు విని బహు కోపపడెను. కాని ఏమియు చేసినట్లు వ్రాయబడలేదు (13:21). పరాయి గొఱ్ఱెపిల్ల కథ విని తీర్పు చెప్పిన రాజు సొంత కుమార్తె విషయములో న్యాయము చేయలేకపోయెను. ఆయన క్షమింపబడినవాడే, సందేహము లేదు. కాని ఆ యింటిలో మౌనము అలవాటైపోయెను. తామారు తన అన్న యింట చెరుపబడినదానిగా ఉండిపోయెను. గాయపడినవారిని ఊరకుండుమని చెప్పు సంఘము ఎవరి సలహాను పాటించుచున్నదో ఈ అధ్యాయము చూపుచున్నది.

నాలుగవ వచనములోని చిక్కు

ఇప్పుడు కీర్తన నాలుగవ వచనమునకు వచ్చుచున్నాము. పాపము దేవునికి మాత్రమే విరోధముగా చేసితినని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. అయితే ఊరియా మాటేమి? బత్షెబ మాటేమి? ఈ ప్రశ్న కొత్తది కాదు. ప్రతి తరమువారును దీనిని అడిగిరి. మూడు సంగతులు గమనింపదగినవి.

మొదటిది, అదే వచనములో దేవుని కన్నుల యెదుట చెడ్డది చేసినట్లు కూడ చెప్పబడినది. పైన మేము జ్ఞాపకముంచుకొనుమన్న మాట ఇదే. యోవాబు కన్నులకు చెడ్డదిగా కనబడకుండునుగాక అని కోరుకొనిన దావీదు, ఇప్పుడు ఆ తీర్పును దేవుని కన్నులకు అప్పగించుచున్నాడు. తాను చేసినది చెడ్డదా కాదా అని నిర్ణయించువాడు దేవుడొక్కడే, తానును కాదు, తన సేనాధిపతియు కాదు. 'మాత్రమే' అను మాట తీర్పు ఎవరిదో చెప్పుచున్నది. గాయపడినవారిని లెక్కలోనుండి తీసివేయుట లేదు.

రెండవది, పదునాలుగవ వచనములో కీర్తనకారుడు రక్తాపరాధము నుండి విడిపింపుమని వేడుకొనుచున్నాడు. అక్కడి హెబ్రీ పదము దామీమ్, అనగా చిందిన రక్తము. శీర్షికను అనుసరించి చదివినయెడల ఆ రక్తము ఊరియాదే. ఊరియా పేరు కీర్తనలో లేకపోయినను అతని రక్తమున్నది.

మూడవది, ధర్మశాస్త్రము ఈ రెంటిని ఎన్నడును విడదీయలేదు. పొరుగువానిని మోసగించుట యెహోవాకు విరోధమైన ద్రోహమే, అందుచేత దోషి తీసికొనినదానిని తిరిగి ఇచ్చి, ఐదవ వంతు దానికి కలిపి ఇచ్చి, అటుతరువాత బలి తేవలెను (లేవీ. 6:1-7, సంఖ్యా. 5:6-7). బలిపీఠము నొద్ద అర్పణను విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పినప్పుడు (మత్తయి 5:23-24) ఈ క్రమమునే ఆయన స్థిరపరచెను. జక్కయ్య ఒప్పుకోలులో నాలుగంతలు తిరిగి ఇచ్చు మాట వినబడుచున్నది (లూకా 19:8). దావీదు పరాయివానిపై విధించిన నాలుగంతల తీర్పును జక్కయ్య తనమీద తానే విధించుకొనెను. ఊరియాకు మాత్రము ఎవరును ఏమియు తిరిగి ఇయ్యలేరు. కొన్ని పాపములు సరిదిద్దుటకు వీలులేనివి. ఆ సంగతి మన పశ్చాత్తాపమును తేలిక చేయక, మరింత లోతు చేయవలెను.

కప్పువాడెవడు?

32వ కీర్తనలో దీనికి సంబంధించిన ఒక పదప్రయోగము కనబడుచున్నది. పాపము కప్పబడినవాడు ధన్యుడని మొదటి వచనము చెప్పుచున్నది. తన దోషమును తాను కప్పుకొనలేదని అయిదవ వచనములో కీర్తనకారుడు చెప్పుచున్నాడు. రెండు చోట్లను హెబ్రీ క్రియ ఒక్కటే, కాసా. సామెతలు 28:13లో అతిక్రమములను కప్పుకొనువాడు వర్ధిల్లడని చెప్పునప్పుడును అదే క్రియ. పాపి తాను కప్పుకొనిన దినములలో ఎముకలు క్షీణించెను; తాను తెరచి చూపిన దినమున దేవుడు కప్పెను. ఒకే పాపమును ఇద్దరు కప్పజాలరు. మనుష్యుడు తన చేతిని తీసినప్పుడే దేవుని చేయి దానిమీదికి వచ్చును.

ఇక్కడ రెండు అభ్యంతరములు రావచ్చును. ప్రేమ అనేక పాపములను కప్పునని పేతురు వ్రాయలేదా (1 పేతురు 4:8)? వ్రాసెను. కాని అక్కడ కప్పునది ప్రేమ, భయము కాదు. గాయపడినవాడు తనకు కలిగిన కీడును ఇష్టపూర్వకముగా క్షమించుట ప్రేమ. గాయము చేసినవానిని కాపాడుటకు గాయపడినవానిని మౌనముగా ఉంచుటకు ఆ పేరు చెల్లదు.

రెండవ అభ్యంతరము మరింత గట్టిది. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 20వ అధ్యాయములో రబ్బా పట్టణ ముట్టడి చెప్పబడినది, దావీదు యెరూషలేములో నిలిచియుండుట చెప్పబడినది, కాని బత్షెబ సంగతియు ఊరియా సంగతియు ఒక్క మాటయు లేదు. బైబిలే దీనిని దాచలేదా? ఆ గ్రంథకర్త ఉద్దేశము దేవాలయము, ఆరాధన. అనేక సంగతులను ఆయన విడిచెను. అయితే లేఖనములను కూర్చినవారు ఆయన గ్రంథము ఒక్కదానినే ఉంచి సమూయేలు గ్రంథమును తీసివేయలేదు. రాజుల మొదటి గ్రంథము దావీదును మెచ్చుకొనుచునే ఊరియా సంగతిని మినహాయించుచున్నది (15:5). పరాక్రమశాలుల పట్టికలో చివరి పేరు ఊరియాది (2 సమూ. 23:39). వెయ్యి సంవత్సరముల తరువాత మత్తయి ప్రభువు వంశావళిని వ్రాయుచు బత్షెబ పేరు వ్రాయక, ఊరియా భార్యయైన ఆమె అని గుర్తు చేసెను (1:6). దేవుడు క్షమించిన పాపమును లేఖనము మరుగుపరచలేదు. చంపబడినవాని పేరును తుడిచివేయలేదు. దేవుడు పాపమును కప్పుట వేరు, మనుష్యులు సంగతిని దాచుట వేరు. ఈ వ్యాసములో మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదే.

క్షమాపణకు వెల

ఇంకొక ప్రశ్న మిగిలియున్నది. ఊరియా రక్తమును దేవుడు అంత సులువుగా ఎట్లు తొలగింపగలిగెను? నరహంతకుని ప్రాణమునకు విమోచన ధనము తీసికొనకూడదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది (సంఖ్యా. 35:31). కీర్తనకారుడును ఇందుకు తగిన బలి తనయొద్ద లేదని ఎరుగును (51:16). అందుచేతనే ఆయన వాడిన క్రియలన్నియు దేవుడు చేయవలసినవే. రెండవ వచనములో కడుగుమని వేడుకొనునప్పుడు వాడిన కాబస్ అను క్రియ ఒంటికి స్నానము చేయుటకు వాడు మాట కాదు. బట్టలను ఉదికి మురికి వదిలించుటకు వాడునది. చాకిరేవు బండ మీద బట్ట పడు పాటు ఎరిగిన మనకు ఆ ప్రార్థన ఎంత కఠినమైనదో అర్థము కావలెను. పదవ వచనములో హృదయమును సృజింపుమనునప్పుడు వాడినది ఆదికాండము మొదటి వచనములోని బారా అను క్రియ. ఉన్నదానికి మరమ్మతు కాదు, లేనిదానిని కలుగజేయుట.

పౌలు రోమా పత్రికలో 32వ కీర్తనను దావీదు సాక్ష్యముగా తెచ్చుటకు ముందు (4:6-8), ఈ ప్రశ్నకే జవాబు చెప్పెను. మునుపటి పాపములను దేవుడు ఓర్పుతో దాటిపోనిచ్చుట ఆయన నీతిని గూర్చి సందేహము కలిగింపవచ్చును; అందుచేత క్రీస్తు రక్తములో ఆయన తన నీతిని కనబరచెను (3:25-26). అనగా నాతాను ప్రకటించిన క్షమాపణ ఊరియా ప్రాణమును చౌక చేయలేదు. దాని వెల సిలువ వద్ద చెల్లింపబడెను. అన్యాయముగా చంపబడినవాని పక్షమున నిలిచిన దేవుడే, తానును అన్యాయముగా చంపబడి, చంపినవారికిని క్షమాపణ ద్వారము తెరచెను. సిలువను ఎరిగిన సంఘము గాయపడినవారిని ప్రక్కకు నెట్టి గాయపరచినవారిని ఆదరింపలేదు. గాయపరచినవానికి నిరీక్షణ లేదనియు చెప్పలేదు.

యూదా పశ్చాత్తాపపడెనని మత్తయి వ్రాసెను (27:3). అక్కడి గ్రీకు క్రియ, మనము మారుమనస్సు అని అనువదించు మెటనోయియా కాదు. చేసినదానికి చింతపడుటను తెలుపు వేరొక క్రియ. యూదా నిజము చెప్పెను, వెండి నాణెములను తిరిగి ఇచ్చెను. కాని తాను అప్పగించినవాని యొద్దకు పోలేదు, ఒంటరిగా వెళ్లిపోయెను. చింత మనుష్యుని ఒంటరిని చేయగలదు. మారుమనస్సు అతనిని దేవుని తట్టు త్రిప్పును. పాపము బయటపడిన దినమున ఎవరినైనను ఒంటరిగా విడువకుండుట కాపరి మొదటి విధి.

కాపరి పరిచర్యకు

ఈ పరిశీలన నుండి కాపరులకును, రేపటి కాపరులగు విద్యార్థులకును నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదటిది, ప్రతి పాపమును సంఘమంతటి యెదుట ఒప్పుకొనవలెనని మేము చెప్పుట లేదు. ఒప్పుకోలు పరిధి గాయము పరిధిని బట్టి ఉండవలెను. తలంపులోని పాపమును సంఘములో చాటించుట వలన మేలు కలుగదు. అయినను దేవునితో మాత్రమే చెప్పుకొను అలవాటు మనలను మనము మోసగించుకొనుటకు దారి తీయవచ్చును. 1215 నాటి నాలుగవ లేటరన్ మహాసభ సంవత్సరమునకొకసారి యాజకుని యొద్ద ఒప్పుకోలు తప్పనిసరి చేసెను. సంస్కర్తలు ఆ నిర్బంధమును తొలగించిరి గాని, వ్యక్తిగత ఒప్పుకోలును తొలగింపలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణము దానిని నిలుపుకొనవలెనని చెప్పుచున్నది. బోన్‌హోఫర్ 1939లో వెలువరించిన సహవాస జీవితమును గూర్చిన పుస్తకము చివరి అధ్యాయములో, సహోదరుని యెదుట ఒప్పుకొనుట పాపి ఒంటరితనమును బద్దలుచేయునని వాదించెను. యాకోబు 5:16 మన సంఘములలో స్వస్థత కూడికలలో వినబడినంతగా ఒప్పుకోలు విషయములో వినబడుట లేదు.

రెండవది, పాపము వలన గాయపడినవారున్నప్పుడు వారి మాటను మొదట వినవలెను. క్షమించుమని వారిని తొందరపెట్టుట కాపరి పని కాదు. నేరము జరిగినచోట దేశపు చట్టమున్నది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము బాలలపై లైంగిక నేరము జరిగినట్లు ఎరిగినవారు ఎవరైనను అధికారులకు తెలియజేయవలసినదే. కాపరులకు మినహాయింపు లేదు. సంఘ పెద్దల మధ్య రాజీ కుదిర్చి దానిని క్షమాపణ అని పిలుచుట ఊరియా చేత ఉత్తరము పంపుట వంటిది.

మూడవది, క్షమింపబడుట వేరు, పరిచర్య స్థానమునకు తిరిగి వచ్చుట వేరు. దావీదు రాజుగానే ఉండెను గదా అని కొందరందురు. నిజమే; కాని రాజ్యాధికారమును గూర్చిన సంగతిని కాపరి పదవికి కొలతగా తీసికొనలేము. పౌలు పెద్దల విషయములో రెండు మాటలును చెప్పెను: ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే వారిమీది దోషారోపణను అంగీకరింపకూడదు, పాపము చేయువారిని అందరి యెదుట గద్దింపవలెను (1 తిమోతి 5:19-20). మొదటిది అబద్ధపు నింద నుండి సేవకుని కాపాడును. రెండవది సేవకుని నుండి సంఘమును కాపాడును. మనము మొదటి మాటను కంఠస్థము చేసి రెండవదానిని మరచితిమి.

నాలుగవది మనలను గూర్చినదే. కాపరికి ఆలకించువారు అనేకులు. అతడు ఆలకింపదగినవారు కొద్దిమంది. మన సొమ్ము లెక్కలను, మన ఏకాంతమును, మన ఫోనును చూచి ప్రశ్నింపగల నాతాను మనకున్నాడా? లేనియెడల అటువంటివానిని మనమే వెదకుకొనవలెను. దాచినది బయటపడు దినము కొరకు భయముతో ఎదురుచూచుటకన్న, మనకై మనమే తెరచి చూపుట ఎంతో తేలిక. దావీదు చెల్లించినంత వెల మనము చెల్లింపనవసరము లేదు.

చివరిగా ఒక చిన్న సంగతి. బత్షెబ వలన యెరూషలేములో దావీదునకు పుట్టిన నలుగురు కుమారులలో ఒకని పేరు నాతాను (1 దిన. 3:5). ప్రవక్తను బట్టియే ఆ పేరు పెట్టిరని వాక్యము చెప్పలేదు. కాని తన పాపమును ముఖము మీద చెప్పిన మనిషి పేరును ఆ తండ్రి తన యింటిలో పిలుచుచునే ఉండెను. లూకా సువార్త ప్రకారము ప్రభువైన యేసు వంశావళి ఆ నాతాను ద్వారానే వచ్చుచున్నది (3:31). తన్ను గద్దించినవాని పేరును ద్వేషింపక ప్రేమతో పలుకగలుగుట క్షమింపబడినవాని గుర్తు. అటువంటి కాపరులను ప్రభువు మన సంఘములకు అనుగ్రహించునుగాక.